సంచారం చేసేవాళ్ళకి కుండలెందుకు? గల్ఫ్ తీరంలో దొరికిన ఉబైద్ పెంకుల సంగతి

మట్టివాసన:
చిన్న డౌట్ అండీ. మందల వెంట, చేపల వెంట తీరం పట్టుకుని తిరిగేవాళ్ళు ఏ తోలుసంచో బుట్టో మోస్తారు గానీ పగిలిపోయే కుండని మోయరు కదా. మరి కువైట్ నుంచి ఎమిరేట్స్ దాకా ఏడు వేల ఏళ్ళ నాటి, 'ఉబైద్' అనే పాతకాలపు తరహాలో రంగులేసిన కుండపెంకులు దొరికాయంటున్నారు. అవి అక్కడే చేసుకున్నారా?

ఉప్పుగాలి:
అక్కడివి కావండీ. సౌదీ తూర్పు తీరంలో వీటిని మొదట గుర్తుపట్టింది 1960ల చివర్లో గ్రేస్ బర్క్‌హోల్డర్ అనే ఆవిడ, వృత్తిరీత్యా పురావస్తు నిపుణురాలు కూడా కాదు. 1977లో జోన్ ఓట్స్ అనే పురావస్తు పరిశోధకురాలి బృందం ఆ మట్టిని పరీక్షించి, ఇవి దక్షిణ ఇరాక్‌లో ఉర్, ఎరిదు అనే పురాతన నగరాల వైపు నుంచి వచ్చిన కుండలని తేల్చింది. ఆవంలో కాస్త ఎక్కువ కాలితే ఆకుపచ్చగా తిరిగే మట్టి, మీద నల్లటి గీతలు.

ఎలా వచ్చాయంటారా, పడవల మీద. కువైట్‌లో అస్-సబియా దగ్గర హెచ్3 అనే చోట తారు ముక్కలు దొరికాయి. ఒక పక్క రెల్లు కట్టల అచ్చు, రెండో పక్క పడవ అడుక్కి పట్టే బార్నకిల్ గుల్లలు! అంటే రెల్లుపడవకి పూసిన తారు, అదీ ఉప్పునీళ్ళలో బాగా నానినది. తెరచాప కొయ్యతో సహా పడవ బొమ్మ గీసిన మట్టి బిళ్ళ కూడా అక్కడే దొరికింది.

పాతరాళ్ళు:
ఉప్పుగాలి గారూ, "అక్కడివి కావు" అని తేల్చేస్తే ఎలా? అదే హెచ్3లో ముతక ఎర్ర కుండల పెంకులు కూడా ఉన్నాయి, అవి తీరం వాళ్ళ చేతిపనే. చెకుముకి పనిముట్లు కూడా అరేబియా తరహావే. కాబట్టి ఇరాక్ జాలర్లు వచ్చి కాపురం పెట్టి, పారేసిపోయిన కుండలన్న పాత వాదన నాకైతే నిలబడదు. అబూధాబీ దగ్గర దల్మా దీవిలో అయితే జిప్సం ప్లాస్టర్‌తో గిన్నెలు చేసి, ఉబైద్ కుండల్లా పైన గీతలు పెట్టుకున్నారు. ఊరికే వండుకోవడానికైతే ఇంత కష్టమెందుకు? నలుగురు కూడిన చోట ముందు పెట్టుకునే వస్తువు అయ్యుండాలి, ఇది నా ఊహే అనుకోండి.

మట్టివాసన:
ప్లాస్టర్‌తో నకిలీవా! అయితే మోసుకు తిరిగే తంటా సంగతి?

పాతరాళ్ళు:
అందరూ అంతగా తిరగలేదండీ. అబూధాబీ దగ్గరే ఉన్న మరావా దీవిలో అంతకుముందు నుంచే రాతి గోడల ఇళ్ళున్నాయి. షార్జాలోని జెబెల్ బుహైస్ వైపు వాళ్ళు మాత్రం మేకల్ని, గొర్రెల్ని, పశువుల్ని తోలుకుంటూ కొండకీ తీరానికీ మధ్య ఋతువుని బట్టి తిరిగారు. మీరన్నట్టే వాళ్ళకి కుండలతో పెద్దగా పనిలేదు, సమాధుల్లో ఎక్కువగా గవ్వ పూసలే. దాదాపు పూర్తిగా నిలిచిన ఉబైద్ కుండ దొరికింది కూడా ఆ మరావా ఇళ్ళ దగ్గరే.