అలల కరెంటుకి సర్కారు డబ్బు దండగేనా?

నెల్లూరు వాసు:
చెన్నైలో తిరువాన్మియూర్‌లో ఉంటాను. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానుకి మా వీధిలో మూడు రోజులు కరెంటు లేదు. వాన తగ్గాక బీచ్ వైపు వెళ్తే అలలు ఒడ్డుని ఉతికేస్తున్నాయి. ఇంత బలం ఊరికే పోతోందే అనిపించింది. ఐఐటీ మద్రాసు వాళ్లు 2022 నవంబరులో తూత్తుకుడి దగ్గర సముద్రంలో సింధుజ-1 అని అలల నుంచి కరెంటు తీసే మిషన్ దింపారు. వచ్చింది 100 వాట్లు. మా హాల్లో ఫ్యానుకీ ఓ లైటుకీ సరి! ప్రభుత్వం దీని మీద ఖర్చు పెట్టడం న్యాయమేనా?

లెక్కల మనిషి:
దండగే. సోలార్ ఇంత చవగ్గా వస్తుంటే ఉప్పునీళ్లలో డబ్బులు పోయడమెందుకు?

రాయపురం ఫిట్టర్:
సోలార్ రాత్రి పడుకుంటుంది సార్, అలకి రాత్రీ పగలూ లేదు.

వాసూ, 100 వాట్లని నవ్వకు. కేరళలో విళింజం దగ్గర 1991లోనే 150 కిలోవాట్ల ప్లాంటు పెట్టారు, అదీ ఐఐటీ మద్రాసు వాళ్ల పనే. కాంక్రీటు గదిలోకి అల ఎక్కితే గాలి పైకి తన్నుకుపోతుంది, దిగితే మళ్లీ లోపలికి లాక్కుంటుంది. గాలి ఎటు పోయినా టర్బైన్ మాత్రం ఒకే వైపు తిరుగుతుంది. ఆ తెలివికి దండం పెట్టాలి. ఇప్పుడది నడవడం లేదనుకో.

నేను ముప్పై ఏళ్లు బోయాల పని చేశాను, అంటే గొలుసుతో కట్టి సముద్రంలో తేలేసే డ్రమ్ముల పని. ఏడాది తర్వాత బోయాని పైకి తీస్తే అడుగున గుల్లలు అరచెయ్యి మందం పట్టి ఉండేవి. ఉలి పెట్టి కొట్టాలి, ఆ కంపుకి అన్నం సహించదు. గొలుసుని బిగించే షాకిల్ కొక్కెంలో పిన్ను దింపేటప్పుడు బొటనవేలంత, తీసేటప్పుడు చిటికెన వేలంత. కొత్త పిన్ను కావాలని కాగితం పెడితే సంతకాలకే నాలుగు నెలలు. ఏ ఆఫీసో చెప్పనులే.

అందుకే నా గోల ఒక్కటే. మిషన్ దింపే రోజు రిబ్బనుకీ, పూలదండలకీ డబ్బుంటుంది. తర్వాత ఐదేళ్లు పడవకీ, డైవర్‌కీ, పిన్నులకీ ఉండదు. ఆ డబ్బు ముందే విడిగా పక్కన పెడితేనే ఇవ్వాలి.

అడయార్ సుజాత:
ఫిట్టర్ గారికి ఇంకోటి కలుపుతాను. సముద్రపు కరెంటు కూడా పునరుత్పాదక శక్తి కోటాలోకి, అంటే కరెంటు కంపెనీలు తప్పనిసరిగా కొనాల్సిన వాటాలోకి, వస్తుందని కేంద్రం 2019లోనే చెప్పింది. కానీ చవకైన గాలి కరెంటు పక్కనే ఉండగా దీన్ని ఎవరు కొంటారు? సముద్రంలో గాలిమరలకి 2024లో 7,453 కోట్లు మంజూరు చేశారు, ఆ గాలిమరల్లో 500 మెగావాట్లు తమిళనాడుకే. అలలకీ అలాంటి భరోసా, చిన్నదైనా, ఉండాలి. పెద్ద బహుమతి పెడితే చాలదు. స్కాట్లాండ్ కోటి పౌండ్లు ప్రకటించింది, ఒక్కరూ గెలవలేదు.

నెల్లూరు వాసు:
అర్థమైందండీ. బాబాయ్, ఇంతకీ ఆ పిన్ను వచ్చిందా?

రాయపురం ఫిట్టర్:
వచ్చింది. సైజు తప్పు.