నూతినీళ్ల ప్రాజెక్టు యూనివర్సిటీ సదస్సులో చెప్పాలి, పోస్టరా? మాట్లాడటమా?

కోనసీమ_బీఎస్సీ:
అందరికీ నమస్కారమండి. నేను బీఎస్సీ కెమిస్ట్రీ, మాది అమలాపురం నుంచి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఊరు. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు 180 గంటలు చేయాలి కదా, దానికోసం నేనూ నా ఫ్రెండూ రొయ్యల చెరువుల పక్కనున్న మూడు ఊళ్లలో 22 నూతుల నీళ్లు సీసాల్లో పట్టి, టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న లవణాల మొత్తం) చూసి, కాలేజీ ల్యాబ్‌లో సిల్వర్ నైట్రేట్‌తో టైట్రేషన్ చేసి క్లోరైడ్ లెక్క కట్టాం. అప్పుడు మే నెల, కాలువలు కట్టేసి (నీళ్లు వదలకుండా ఆపేసి) ఉన్నాయి. కొన్ని నూతుల్లో టీడీఎస్ 2000 దాటింది. అందులో మా అమ్మమ్మ వాళ్ల నుయ్యి కూడా ఉంది. ఆ నీళ్లతో పప్పు ఉడకట్లేదని ఆవిడ ఎన్నాళ్ల నుంచో చెప్తున్నా మేమెవరం పట్టించుకోలేదు.

ఇప్పుడు డిగ్రీ విద్యార్థుల కోసం ఒక యూనివర్సిటీలో సదస్సు పెడుతున్నారు, డిసెంబర్‌లో. మా అబ్‌స్ట్రాక్ట్ తీసుకున్నారు. పోస్టర్ అయినా పెట్టొచ్చు, 8 నిమిషాలు మాట్లాడైనా చెప్పొచ్చు అన్నారు. నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం, స్టేజీ మీద ఇంగ్లిష్‌లో మాట రాక ఆగిపోతానేమోనని టెన్షన్‌గా ఉంది. టైటిల్ ‘రొయ్యల చెరువుల వల్ల తాగునీటి కాలుష్యం’ అని పెట్టాం. బాగుందాండి?

కాకినాడ_మాస్టారు:
పని మంచిదమ్మా, టైటిల్ మాత్రం మార్చు. ‘వల్ల’ అన్న ఒక్క మాట దగ్గరే నిన్ను పట్టుకుంటారు. మీ ఊళ్లలో ఉప్పు రావడానికి చెరువొక్కటే దారి కాదు కదా. పోటు వేళ సముద్రపు నీరు డ్రెయిన్లలోకి ఎగదన్నుతుంది, బోర్లు తోడేకొద్దీ భూమి లోపల ఉప్పునీరు లోపలికి జరుగుతుంది, పైగా నువ్వు పట్టింది కాలువలు కట్టేసిన మే నెలలో, అంటే నూతుల్లోకి మంచినీటి ఊట బాగా తగ్గిన రోజుల్లో. చెరువులకు దూరంగా ఉన్న నూతులేమైనా చూశారా? చూడకపోతే ‘కాలువలు కట్టేసిన రోజుల్లో రొయ్యల చెరువుల దగ్గరి నూతినీటి ఉప్పదనం’ అని పెట్టుకో. చిన్నగా ఉన్నా ఆ మాట నిలబడుతుంది.

ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం తాగేనీటిలో టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు మంచిది, వేరే నీరు లేనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు. క్లోరైడ్‌కి అవి 250, 1000. ఆ గీతలు రెండూ నీ గ్రాఫ్ మీద కనబడాలి. టైట్రేషన్ ఒక్కో నీటికి మూడుసార్లు చేశారా, బ్లాంక్ (నూతి నీటి బదులు డిస్టిల్డ్ వాటర్‌తో అదే టైట్రేషన్) చేశారా అని తప్పకుండా అడుగుతారు. పసుపు నుంచి ఇటుక ఎరుపు తొలిసారి కనబడ్డప్పుడే ఆపాలి, ఎరుపు ముదిరేదాకా పోస్తే రీడింగ్ ఎక్కువ వస్తుంది. అనుమానం ఉన్నవి ఇప్పుడే మళ్లీ చేసుకోండి.

రావులపాలెం_పోస్టర్:
నేను పోయినేడాది ఇంకోచోట పోస్టర్ పెట్టాను. నువ్వూ పోస్టరే పెట్టు చెల్లెమ్మా. స్టేజీ మీద 8 నిమిషాలు గడగడా చెప్పేసి దిగిపోతాం, పోస్టర్ దగ్గరైతే ఒక్కొక్కరే వచ్చి నిలబడి అడుగుతారు, తెలుగులో అడిగితే తెలుగులోనే చెప్పొచ్చు. నా దగ్గరికి వచ్చిన ఒకాయన పావుగంట మాట్లాడి మా మ్యాప్‌లో తప్పు చూపించి మరీ వెళ్లారు, ఆ పావుగంట నాకు సెమిస్టర్ మొత్తంకన్నా ఎక్కువ నేర్పింది. భాష సంగతి నిర్వాహకులకు ముందే ఫోన్ చేసి అడిగెయ్.

ఇంకోటి, ఫ్లెక్సీ షాపుకి చివరిరోజు వెళ్లొద్దు. వాళ్ల దగ్గర చాలాచోట్ల యూనికోడ్ కాని పాతరకం అను ఫాంట్లు ఉంటాయి, నువ్వు యూనికోడ్‌లో టైప్ చేసిన ఫైల్ అక్కడ తెరిస్తే ఒత్తులన్నీ చెల్లాచెదురవుతాయి. నాకు అదే జరిగి రాత్రి పదింటిదాకా షాపులోనే కూర్చున్నాను. పీడీఎఫ్ చేసి తీసుకెళ్లు, ముందు ఏ4 కాగితం మీద ప్రింట్ తీసి చూసుకో. నూతుల మ్యాప్ మధ్యలో పెద్దగా పెట్టు, అందరూ ముందు తమ ఊరు ఎక్కడుందో వెతుక్కుంటారు.

నరసాపురం_లేసు:
నాది బీఏ, సైన్స్ తెలీదు. మా వీధిలో లేసు అల్లే ఆడవాళ్ల ఫొటోలు, వాళ్ల మాటలు కలిపి ఒక సదస్సులో సృజనాత్మక విభాగంలో చూపించాను. ఫొటోల పక్కన సగం అల్లిన లేసు ముక్కని సూదితో సహా పెట్టాను, చూసినవాళ్లంతా ముందు దాన్నే చేత్తో పట్టుకున్నారు. నువ్వూ రెండు సీసాల నీళ్లు పెట్టు, టీడీఎస్ మీటర్ పక్కనే ఉంచు, వచ్చినవాళ్లనే ముంచి చూడమను.

కానీ ఒక్కటి అడుగుతాను, ఆ 22 ఇళ్లవాళ్లకి మీ లెక్కలు చెప్పారా? నేను ఫొటోలు ముందు యూనివర్సిటీలో చూపించి తర్వాత మా వీధిలో చూపించాను. ఒక పిన్ని ‘మమ్మల్ని అడక్కుండా ఊరంతా తిప్పావా’ అంది. ఆ మాట ఇప్పటికీ బాధగానే ఉంది. ఎవరి నుయ్యో పోస్టర్ మీద పేరు రాయొద్దు, నంబర్లు వేయండి. ఎవరి లెక్క వాళ్లకి మాత్రం ముందే చెప్పండి.

కోనసీమ_బీఎస్సీ:
అందరికీ చాలా థాంక్సండి. టైటిల్ మార్చేశాం. మాస్టారూ, దూరపు నూతులు చూడలేదండి, అది మా తప్పే. ఇప్పుడు వాటిని మాత్రమే పడితే మే నెల లెక్కతో పోల్చడం కుదరదు కదా, కాలువలకి నీళ్లొచ్చేశాయి. అందుకే ఈ ఆదివారం పాత 22 నూతులూ, చెరువులకి దూరంగా ఇంకో ఆరూ ఒకే రోజు పట్టేద్దామనుకున్నాం. మా ఫ్రెండ్ వాళ్ల నాన్నగారు బండి ఇస్తామన్నారు. పోస్టరే పెడుతున్నాం. అక్కా, మీరన్నట్టు పాత రీడింగులు చీటీల మీద రాసి పట్టుకెళ్తున్నాం, నీళ్లు పట్టుకునేటప్పుడే ఎవరిది వాళ్లకి ఇచ్చేస్తాం. అమ్మమ్మకి నిన్న రాత్రే చెప్పాను. చీటీ తీసుకుని వంటింట్లో పప్పు డబ్బా కింద పెట్టుకుంది.