దొరుకుతాననే భయమా, శిక్ష పడుతుందనే భయమా?

తూర్పుగాలి (చర్చ మొదలు)

మా ఇంట్లో దొంగలు పడి మూడేళ్లయింది. గడియ పెకలించిన చోట చెక్కకు పడ్డ సొట్ట ఇంకా అలాగే ఉంది, తలుపు వేసినప్పుడల్లా చేతికి తగులుతుంది. పోయిన డబ్బుకన్నా, నా బట్టల మధ్య ఎవరో చేతులు పెట్టి వెతికారన్న తలపే చాలాకాలం నిద్ర పట్టనివ్వలేదు. నగలున్నాయనుకుని ఒక రేకు పెట్టె కూడా ఎత్తుకుపోయారు. అందులో ఉన్నవి మా అమ్మ నాకు రాసిన ఉత్తరాలు. ఫిర్యాదు ఇచ్చాం, వేలిముద్రలు తీసుకున్నారు, ఆ తర్వాత కబురు లేదు.

ఎక్కడ ఏ ఘోరం జరిగినా "ఉరి తీయండి" అంటున్నాం. నేనూ అన్నాను. కానీ నా విషయంలో శిక్ష దాకా రానేలేదు, పట్టుబడ్డవాడే లేడు గనుక. శిక్షలు పెంచితే నేరాలు నిజంగా తగ్గుతాయా?

సూటిమాట

తగ్గుతాయి. మధ్య అమెరికా దేశం ఎల్ సాల్వడార్ చూడండి. 2015లో అక్కడ లక్ష జనాభాకు వందకు పైగా హత్యలు. 2022 మార్చిలో ఒక్క వారాంతంలోనే ముఠాలు 87 మందిని చంపాయి. ప్రభుత్వం అత్యవసర పరిస్థితి పెట్టి, ముఠాలవాళ్లని 80 వేల మందికి పైగా జైల్లో వేసింది. 2024కి ప్రభుత్వ లెక్క ప్రకారం ఆ సంఖ్య లక్షకు రెండు కూడా లేదు. ముఠాలకు మామూళ్లు కట్టి బతికిన జనం ఇప్పుడు ఊపిరి పీల్చుకుంటున్నారు.

పేదరికం, చెడిపోయిన బాల్యం అంటూ నేరస్తుడి కథ చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఒకే ఇంట్లో పుట్టిన అన్నదమ్ముల్లో ఒకడు ఒళ్లొంచి పనిచేస్తాడు, ఇంకొకడు కత్తి పడతాడు. ఆ రెండోవాడి కోసం మొదటివాడు ఎందుకు భయపడుతూ బతకాలి?

నల్లబల్ల

సూటిమాట గారూ, మీ చివరి ప్రశ్న న్యాయమైనది. నేరానికి ఎక్కువగా బలయ్యేది కూడా పేదలే. దాన్ని నేను కాదనను. కానీ తూర్పుగాలి గారు అడిగింది శిక్ష పెంచడం గురించి. శిక్ష పెద్దది కావడం వేరు, శిక్ష తప్పదనిపించడం వేరు. ఇటలీకి చెందిన బెకారియా అనే ఆలోచనాపరుడు 1764లోనే ఈ తేడా పట్టుకున్నాడు: మనిషిని ఆపేది శిక్షలోని క్రూరత్వం కాదు, అది తప్పించుకోలేనిది కావడం.

పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో రెండు వందలకు పైగా నేరాలకు ఉరి ఉండేది. బహిరంగంగా ఉరి తీస్తుంటే చూడటానికి వచ్చిన గుంపులోనే జేబుదొంగలు పని కానిచ్చేవారు! ఇంకో చిత్రం, దొంగిలించిన సొత్తు ఫలానా విలువ దాటితే ఉరి అని చట్టం ఉంటే, జ్యూరీలు కావాలనే ఆ విలువ తగ్గించి చెప్పేవి. చిన్న దొంగతనానికి ఒక ప్రాణం తీయడానికి వాళ్లకు మనసొప్పేది కాదు. ఫోర్జరీకి ఉరిశిక్ష రద్దు చేయమని 1830లో బ్యాంకర్లే అర్జీ పెట్టుకున్నారు, ఆ శిక్షకు జడిసి నేరం రుజువైందని ఎవరూ అనడం లేదని. శిక్ష పెరిగేకొద్దీ అది పడే అవకాశం తగ్గిందన్నమాట.

దీనికి అవతలి కొస కెనడాలోని మాంట్రియల్. 1969 అక్టోబర్ 7న పోలీసులు సమ్మెకు దిగారు. ఆ ఒక్క రోజులో బ్యాంకులు దోచారు, దుకాణాల అద్దాలు పగలగొట్టి లూటీ చేశారు. ముందు రోజున్న చట్టాలే ఆ రోజూ ఉన్నాయి, శిక్షల్లో ఒక్క ఏడాది కూడా తగ్గలేదు. లేనిదల్లా పట్టుకునేవాడు. అందుకే పోలీసులు అక్కర్లేదనే వాదన నాకు రుచించదు. తూర్పుగాలి గారి ఇంటి కేసులో కావలసింది ఇంకో పదేళ్ల శిక్ష కాదు, ఆ వేలిముద్రలను శ్రద్ధగా పోల్చి చూసే మనిషి.

రెండోవైపు

పోలీసుల గురించి ఒక మాట. ఎక్కువమందిని ఆపి సోదా చేస్తే పట్టుకున్నట్టు కాదు. న్యూయార్క్‌లో 2011లో 6,85,000కు పైగా సార్లు జనాన్ని వీధిలో ఆపారు. ఎక్కువమంది నల్లజాతి, లాటిన్ యువకులు. పదిలో తొమ్మిదిసార్ల దాకా ఏమీ తేలక వదిలేశారు. ఆ తీరు రాజ్యాంగవిరుద్ధమని 2013లో కోర్టు చెప్పింది. సోదాలు బాగా తగ్గాయి, అయినా హత్యలు పెరగలేదు, 2017లో మూడు వందలకన్నా తక్కువ. ఊరికే అవమానపడ్డ కుర్రాడు రేపు కళ్లారా హత్య చూసినా సాక్ష్యం చెప్పడానికి వస్తాడా? సాక్షి లేకపోతే నల్లబల్ల గారు చెప్పే "తప్పదు" అన్న భయం ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఎల్ సాల్వడార్‌లోనూ వేలమంది అమాయకులను పట్టుకుని తర్వాత వదిలామని ప్రభుత్వమే ఒప్పుకుంది. వదలకుండా ఇంకెందరు మిగిలారో!

సూటిమాట

అమాయకుల సంగతి నన్నూ బాధిస్తోంది, దాన్ని తేలిగ్గా తీసుకోను. కానీ లోపల ఉన్నవాడు బయట గొంతు కోయలేడు. ఆ లాభాన్ని మీరిద్దరూ లెక్కలోకి తీసుకోలేదు.

నల్లబల్ల

తీసుకుంటాను. కొందరిని దూరంగా ఉంచక తప్పదు. నార్వేలో మామూలుగా గరిష్ఠ శిక్ష 21 ఏళ్లే అయినా, ప్రమాదం తీరలేదని కోర్టు నమ్మితే కొందరి నిర్బంధాన్ని పొడిగించే వీలుంది. నా అభ్యంతరం ఆ కొందరికోసం చేసిన వలలో అందరినీ పట్టడం మీద. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1994 చట్టం ప్రకారం, అంతకుముందు రెండు తీవ్ర నేరాలు చేసినవాడికి మూడోదానికి కనీసం 25 ఏళ్లు, యావజ్జీవం దాకా. గోల్ఫ్ కర్రలు మూడు దొంగిలించిన మనిషికి అదే పడింది, 2003లో అమెరికా అత్యున్నత న్యాయస్థానమూ సరేనంది. 2012లో ప్రజలే ఓటేసి ఆ చట్టాన్ని సడలించారు. నేరాలు ఎక్కువగా జరిగేది పద్దెనిమిది, ఇరవై ఏళ్ల వయసు చుట్టూ. ఆ ఉడుకు దిగిపోయాక కూడా ముసలివాడయ్యేదాకా లోపల ఉంచితే అది ఎవరికి రక్షణ?

నేను జైల్లో చదువు చెప్పాను, ఆరేళ్లు. ఇరవై రెండేళ్ల కుర్రాడొకడు, దొంగతనం కేసు, అక్షరం ముక్క రాదు. పెన్సిల్‌ను ఉలిలా పట్టుకునేవాడు, గట్టిగా నొక్కితే కాగితం చిరిగేది. ఏడాదికి చదవడం వచ్చింది. విడుదలైన వారానికి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు, చేతిలో ఉద్యోగం దరఖాస్తు. "సార్, మొత్తం నేనే చదివాను" అన్నాడు. ఒక్క గడి మాత్రం ఖాళీ. ఇంతకుముందు ఏ కేసులోనైనా శిక్ష పడిందా అని అక్కడుంది. "ఇక్కడ ఏం రాయను సార్?" అన్నాడు.

నిజం రాయమన్నాను. రాశాడు. ఉద్యోగం రాలేదు. నాలుగు నెలలకు మళ్లీ నా క్లాసులో కూర్చున్నాడు, ఇంకో దొంగతనం కేసులో. అతని తప్పు అతనిదే, ఇంకెవరి నెత్తినా వేయను. కానీ ఆ రెండో ఇంటివాళ్లకు ఏ రకంగా రక్షణ కల్పించామో నాకు ఎవరైనా చెప్పండి.

తూర్పుగాలి

రెండో ఇంటివాళ్లు అన్న మాట దగ్గర ఆగిపోయాను. మేము ఎన్నో ఇల్లో నాకు తెలియదు.

న్యూజిలాండ్‌లో 1989 చట్టం ప్రకారం, తప్పు చేసిన పిల్లలతో వాళ్ల కుటుంబాన్నీ, బాధితులనూ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడిస్తారని చదివాను. మొదట చదివినప్పుడు ఒళ్లు మండింది, వాడి ముఖం నేనెందుకు చూడాలని. ఇప్పుడైతే వెళతాననిపిస్తోంది. అతన్ని క్షమించడానికి కాదు, నల్లబల్ల గారూ. అది నావల్ల అవుతుందో లేదో తెలియదు. ఆ పెట్టె తెరిచాక, లోపల కాగితాలు తప్ప ఏమీ లేవని తెలిశాక, మా అమ్మ ఉత్తరాలు ఏం చేశావని అడుగుతాను.