ఉప్పెనలో పోయినవాళ్ల పేర్ల పక్కన ఊళ్లో పిలుపు పేర్లు వెయ్యాలా, వద్దా?

రేవుగట్టు:
2027 నవంబరు 19కి దివిసీమ ఉప్పెన వచ్చి 50 ఏళ్లు. మన ఊళ్లో పోయినవాళ్ల పేర్లన్నీ పుస్తకంగా వేద్దామని కొందరం రెండు నెలలుగా ఇంటింటికీ తిరిగి రాసుకుంటున్నాం. ఇక్కడో చిక్కొచ్చింది. పెద్దవాళ్లని అడిగితే అసలు పేరు చెప్పరు. "రంగం తాత, ఆయన కోడలూ పోయారు", "బూరెల మామ్మ పోయింది", "కుంటోడు పోయాడు" అంటారు. ఒక్క చెరువు వీధిలోనే వెంకటేశ్వర్లు అనే పేరున్నవాళ్లు నలుగురు పోయారు. పిలుపు పేరు లేకపోతే ఎవరు ఎవరో తెలీదు. వేస్తే పోయినవాళ్లని అవమానించినట్టే అని ఇద్దరు ముగ్గురు గట్టిగా అన్నారు. రాసుకున్న పేజీల ఫొటోలు కింద పెట్టాను. చూసి మీ మాట చెప్పండి.

లంకపొలం:
వెయ్యాల్సిందే. ఇందులో చర్చేముంది? మన ఊళ్లో అసలు పేరు పట్టా కాగితానికీ రేషన్ కార్డుకీ. పోస్ట్‌మేన్ కూడా ఉత్తరం మీద పేరు చదివి, "అంటే మిలట్రీ ఆయనేనా?" అని అడిగి ఇచ్చేవాడు. మనిషి బతికింది ఆ పిలుపుతో. పొట్టి శ్రీరాములు గారి ఇంటిపేరు చూడండి. ఎప్పుడో ఏ ముత్తాతనో ఊరు అలా పిలిచి ఉంటుంది, అదే ఇంటిపేరై కూర్చుంది. ఇవాళ ఆ పేరు వింటే ఎవరికైనా అవమానం గుర్తొస్తుందా?

నాగాయలంక రోడ్డు:
వెయ్యండి. మా చిన్నాన్నని సోడా అంటేనే గుర్తుపడతారు.

ఊరి ఆడపడుచు:
నేను వద్దంటున్నాను. రంగం, బూరెలు, సోడా వినడానికి బాగానే ఉంటాయి. అదే జాబితాలో "కుంటోడు" అని కూడా రాసుకున్నారు. ఆ మనిషికి పిల్లలున్నారు, మనవలున్నారు. వాళ్లలో ఒకదాన్ని నేను. బతికున్నన్నాళ్లూ ఊరంతా మా తాతని ఆయన ఎదుటే అలా పిలిచింది. పోయిన 50 ఏళ్లకి దాన్ని అచ్చు కూడా వేస్తారా?

గాజుల్లంక:
మా అమ్మమ్మ పేరు పెంటమ్మ. జాబితాలో దాన్ని పిలుపు పేరనుకుని పక్కన "అసలు పేరు తెలీదు" అని రాశారు. అదే అసలు పేరండీ. ముందు పుట్టిన ముగ్గురు పిల్లలూ దక్కకపోతే ఈమెని పెంట మీద వేసి తీసుకొచ్చి ఆ పేరు పెట్టారు. పుల్లయ్య, పుల్లమ్మ కూడా అలాంటివే, విస్తరాకుల కుప్ప మీద వేసి తెచ్చుకున్న పిల్లలు. దయచేసి దిద్దండి.

రేవుగట్టు:
దిద్దుతానండీ. తప్పు నాదే.

లంకపొలం:
ఆడపడుచక్కా, మీ తాతగారిది ఒక్కటీ తీసేద్దాం, ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఒక్క పేరు కోసం అందరివీ తీసెయ్యమంటే ఎలా? రంగం తాతనే తీసుకోండి. 1942లో జపాన్ సైన్యం రంగూన్ పట్టుకున్నప్పుడు అక్కడున్న మనవాళ్లు వేలమంది అడవులకి అడ్డంపడి నడిచొచ్చారు. వాళ్లలో ఆయనొకడు. అంత నడిచొచ్చి బతికినవాడు ఇంటి ముందుకొచ్చిన సముద్రానికి పోయాడు. ఆ రెండక్షరాలు తీసేస్తే ఈ సంగతి పుస్తకంలో ఎక్కడుంటుంది?

చల్లపల్లి సెంటర్:
ఒక్క సవరణ. రంగం తాత రంగూన్ వెళ్లనే లేదు. ఆయన నాటకాల మనిషి. పందిరి వేయించడం, తెరలు కట్టించడం ఆయన పని. రంగం అంటే రంగస్థలం.

లంకపొలం:
రంగూన్‌ని మన పెద్దవాళ్లు రంగం అనేవారు. ఏ ముసలాయన్ని అడిగినా చెప్తాడు. వాళ్లింట్లో రంగం టేకు పెట్టె ఉండేది, మా నాన్న చూశాడు.

చల్లపల్లి సెంటర్:
టేకు పెట్టె ఉన్నవాళ్లంతా రంగం వెళ్లొచ్చారా? మా నాన్న ఆయన వెంట హార్మోనియం మోశాడు. నాలుగు ఊళ్లు తిరిగారు. ఎన్ని రాత్రిళ్లు పక్కపక్కన పడుకున్నా ఒక్కనాడూ బర్మా మాట ఎత్తలేదాయన.

లంకపొలం:
అడవిలో నడిచి వచ్చినవాళ్లు చాలామంది ఎత్తరు. పిల్లల్ని దారిలో పోగొట్టుకున్నవాళ్లున్నారు.

డెల్టా బిడ్డ:
ఇద్దరూ ఆపండి. ఆయన మనవరాలు విజయవాడలో ఉంది, అడిగితే తేలిపోతుంది.

ఊరి ఆడపడుచు:
నేనడిగినదానికి జవాబు లేదు గానీ పెట్టె గురించి ఇన్ని మాటలు. ఫొటోలు మళ్లీ తెరిచి చూడండి. మొదటి పేజీలో పెద్దవీధి. ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, చివర "గారు". పిలుపు పేరు ఉంటే బ్రాకెట్లో. నాలుగో పేజీలో మా పేట. కుంటోడు. నల్లపిల్ల. పీతలోడి పెళ్లాం. పీతలోడి పెళ్లాం చంటిపిల్ల. అక్కడ బ్రాకెట్లు లేవు, ఎందుకంటే బయట వెయ్యడానికి పేరే రాసుకోలేదు. ఒక్క పేరు సంగతని లంకపొలం గారు ఎలా అంటున్నారో నాకర్థం కాదు.

లంకపొలం:
మీరు మాట ఎక్కడికో తీసుకెళ్తున్నారు. నేను వీధులు చూసి మాట్లాడలేదు. ఆ రాత్రి నీళ్లు కూడా వీధి చూసి రాలేదు.

ఊరి ఆడపడుచు:
నీళ్లు చూళ్లేదు, నిజమే. మనుషులు చూశారు. చెప్పమన్నారు కాబట్టి చెప్తున్నాను. మా తాత పాలేరుగా చేసింది ఎవరింట్లోనో మీకు తెలుసు. మీ వామి మీద నుంచి పడి కాలు విరిగింది. కట్టు కట్టించిన దిక్కు లేదు, అది వంకరగానే అతుక్కుంది. అప్పటిదాకా ఆయనకో పేరుండేది. మీ అరుగు మీద కూర్చున్నవాళ్లు నవ్వుతూ ఈ పేరు పెడితే ఊరంతా అందుకుంది. ఉప్పెన తర్వాత పోయినవాళ్ల పేర్లు రాసుకోవడానికి వచ్చారు. పెద్దలు పక్కన నిలబడి చెప్తుంటే రాసుకున్నారు. మా తాత గురించి చెప్పిన పేరు కూడా అదే. నాయనమ్మ డబ్బు కోసం వెళ్తే కాగితంలో ఒక పేరు, కార్డులో ఒక పేరు. మూడేళ్లు తిరిగింది. చివరికి చేతికేం రాలేదు. ఇప్పుడు మీ పుస్తకం కూడా ఆ కాగితం లాగే ఉంది.

నాగాయలంక రోడ్డు:
సోడా అని రాసినందుకు బాధగా ఉందమ్మా. మా చిన్నాన్నది వేరే సంగతి.

లంకపొలం:
వామి సంగతి నాకు తెలీదు. చిన్నప్పుడు మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనుకోలేదు. అనుకోకపోవడం తప్పే.

నేను ఎందుకు పట్టుబడుతున్నానో కూడా వినండి. జాబితాలో ఉన్న బూరెల మామ్మ మా నాన్న తల్లి. శనివారం సాయంత్రం ఆవుల్ని విప్పడానికి కొట్టంలోకి వెళ్లింది, మళ్లీ కనపడలేదు. మా నాన్న తాడిచెట్టు పట్టుకుని బతికాడు. నాలుగు రోజులు సర్కారు తుమ్మ కంపలన్నీ వెతికాడు. అప్పటికే దొరికిన శవాల్ని ఎవరివో చూడకుండా కుప్పలేసి కాల్చేస్తున్నారు. 2016 కృష్ణా పుష్కరాల్లో పిండం పెడుతుంటే పంతులుగారు ఆమె పేరు అడిగారు. డెబ్భై ఏళ్ల మనిషి మా నాన్న, నోరు తెరిచి అలాగే కూర్చుండిపోయాడు. ఆయనకి అమ్మ. తాత ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు, "ఏమే" అనేవాడు. ఊరికి బూరెల మామ్మ. కాగితాలన్నీ నీళ్లలో పోయాయి. ఆమె పుట్టింటివాళ్లదీ సముద్రం ఒడ్డు ఊరే, అక్కడ మిగిలినవాళ్లు లేరు. పిలుపు పేర్లు తీసేస్తే ఆ పుస్తకంలో మా మామ్మ ఉండదు. నాకున్న బాధ అదొక్కటే.

గాజుల్లంక:
ఆడవాళ్ల పేర్లు సగం ఇలాగే ఉన్నాయి ఈ జాబితాలో. ఏ వీధి పేజీ చూసినా అంతే.

ఊరి ఆడపడుచు:
మీ మామ్మ సంగతి చదివి కాసేపు పక్కన పెట్టి కూర్చున్నాను. ఆమె పేరు తీసెయ్యమని నేననను. కానీ ఒకటి చూడండి. ఆమెని ఊరు ఆమె చేతి వంటతో పిలిచింది. మా తాతని ఆయన విరిగిన కాలుతో పిలిచింది. రెండూ ఒకే పుస్తకంలో ఒకే అచ్చులో పడితే రేపు చదివే పిల్లలకి రెండూ ముద్దుపేర్లే అనిపిస్తాయి. పైగా ఆమె ఫొటోలో "బూరెల మామ్మగారు". మా తాతకి "డు".

రేవుగట్టు:
నాలుగో పేజీ రాసింది నేనే. పేటకి వెళ్లలేదు. పెద్దవీధిలో కూర్చుని అడిగి రాశాను. వర్షమని వాయిదా వేసి, తర్వాత ఇక చాల్లే అనుకున్నాను. క్షమించమ్మా. ఈ ఆదివారం వస్తాను, ఎవరిని కలవాలో చెప్పు.

ఊరి ఆడపడుచు:
చర్చి వెనక మా పిన్ని ఉంటుంది. ఎనభై దాటాయి గానీ పేటలో పోయినవాళ్లందరినీ ఇంటిపేర్లతో చెప్తుంది. ప్రార్థన అయ్యాక, పదకొండింటికి రండి. మా తాత పేరు ఇక్కడ రాయను. ఆమె చెప్తుంది, అక్కడే కూర్చుని రాసుకోండి.

చల్లపల్లి సెంటర్:
రంగం తాత మనవరాలితో మాట్లాడాను. బర్మా నుంచి వచ్చాకే నాటకాల్లోకి వెళ్లాడట. పెట్టె అక్కడిదే. లంకపొలం, నీ మాటే నిజం.

లంకపొలం:
సరే అన్నా. రెండూ రాద్దాం.

ఆడపడుచక్కా, ఒక మాట అడుగుతాను, ఏమనుకోకండి. మీ పిన్నిగారు మా ఇంటికి నాట్లకి, కోతలకి వచ్చేవారని నాన్న అంటున్నాడు. మామ్మతో మాట్లాడే ఉంటారు. మామ్మ అసలు పేరు ఆమెకేమైనా తెలుసేమో అడుగుతారా?

ఊరి ఆడపడుచు:
అడుగుతాను. మీ నాన్నగారిని కూడా ఆదివారం తీసుకురండి.