అంతర్వేది నీరు పోసినప్పటి నుంచి సీ అనిమోన్ ముడుచుకుపోతోంది

ప్రశ్న (అమలాపురం): అందరికీ నమస్కారం. మా 200 లీటర్ల ఉప్పునీటి తొట్టెలో ఒక జత క్లౌన్ చేపలు ఎనిమిది నెలలుగా చక్కగా పెరుగుతున్నందున, గత నెల వాటికి తోడుగా రాయికి పాదంతో అంటుకుని మెత్తని వేళ్లలాంటివి చాచే సముద్రజీవి, ఒక బబుల్ టిప్ అనిమోన్‌ను తెచ్చాను. వారం క్రితం నీరు మార్చవలసి వచ్చినప్పుడు, అక్వేరియం ఉప్పు ఖరీదైనదని అంతర్వేది వెళ్లి, ఇరవై లీటర్ల క్యాన్లు నాలుగింటితో సముద్రపు నీరు పట్టి తెచ్చి పోశాను. మర్నాటి నుంచి అది అత్తిపత్తి ఆకులా ముడుచుకుంటోంది, నోరు తెరుచుకునే ఉంటోంది, నిన్న రాత్రి రాయి వదిలి పంపు వైపు జరిగింది. చేపలు మాత్రం బాగానే ఉన్నాయి. దయచేసి దారి చెప్పండి.

జవాబు (భీమవరం, రొయ్యల రైతు): మీరు నీరు పట్టింది గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోట, వరద ఎర్రనీరు దిగే ఈ రోజుల్లో అక్కడ అల సముద్రానిదే అయినా నీటిలో గోదావరి పాలు ఎక్కువ. సముద్రపు ఉప్పు సుమారు 35 పీపీటీ (వెయ్యి పాళ్ల నీటిలో 35 పాళ్లు). చేపకు ఒంట్లోని ఉప్పును సరిచేసుకోవడానికి మొప్పలు, మూత్రపిండాలు ఉన్నాయి. అనిమోన్‌కు అవేవీ లేవు కనుక చుట్టూ నీరు పలచబడితే దాని ఒళ్లూ పలచబడుతుంది. దగ్గరలోని ఆక్వా ల్యాబ్‌లో ఉప్పు పాళ్లు కొలిచే రిఫ్రాక్టోమీటరుతో చూపించి, వచ్చిన అంకె ఇక్కడ రాయండి.

జవాబు (కాకినాడ): అంతకంటే ముందు, ఈ పూటే పంపు నోటికి ముతక స్పాంజి కట్టండి, ఎందుకంటే తిరిగే అనిమోన్ అందులో పడి తునిగితే ఒక్క రాత్రిలో తొట్టె నీరంతా పాడైపోతుంది. దాని పాదాన్ని రాయి నుంచి గోటితో పెకలించకండి, నోరు మూసుకునే వరకు మేత పెట్టకండి. రంగు తెల్లబారుతోందా అన్నది కూడా గమనించండి. దాని ఒంట్లో ఉండి, వెలుతురుతో ఆహారం తయారుచేసి పెట్టే నాచు పోతోందనడానికి అదే గుర్తు. రొయ్యల చెరువుల్లో వాడే మైలుతుత్తం (రాగి లవణం) అంటిన బకెట్టును మాత్రం ఈ తొట్టె దరికి రానీయకండి, రాగి దానికి విషం.

ప్రశ్న అడిగినవారు: స్పాంజి కట్టానండీ. ల్యాబ్‌లో 27 వచ్చింది.

జవాబు (భీమవరం): మీ తొట్టెలో మునుపు 35 ఉండి ఉంటే, మీరు తెచ్చిన నీటిలో 15కు మించి లేదన్నమాట. ఒక్కసారిగా ఉప్పు పెంచితే అది మరో దెబ్బ అవుతుంది. ఆర్.ఓ. నీటిలో అక్వేరియం ఉప్పును 35 కంటే కాస్త ఎక్కువ ఉండేలా కలిపి (కల్లుప్పు వద్దు, అందులో కాల్షియం, మెగ్నీషియం కావలసిన పాళ్లలో ఉండవు), రోజుకు ఒక పీపీటీ చొప్పున 35 వరకు పెరిగేలా కొంచెం కొంచెంగా మార్చండి. ఎనిమిది రోజులు పడుతుంది. ఆ తరువాత ఆవిరైనంత మేర ఉత్త ఆర్.ఓ. నీరే పోయండి, ఆవిరయ్యేది నీరే కానీ ఉప్పు కాదు. ఈలోగా అనిమోన్ కరిగి దుర్వాసన వస్తే ఆలస్యం చేయకుండా బయటకు తీసేయండి.

ప్రశ్న అడిగినవారు: ఈరోజుకు ఐదవ రోజు, 32కు చేరింది. నోరు మూసుకుంది. ఉదయం లైటు వేసిన అరగంటకు నాలుగైదు వేళ్ల కొసలు బుడగల్లా ఉబ్బాయి, ఆడచేప వచ్చి వాటి మధ్య ఒళ్లు రుద్దుకుంది.