గాలపగోస్ నుంచి మార్కెసాస్‌కు 17 రోజులు: రాత్రి రీఫ్ (తెరచాప కుదించడం) మానేస్తే వచ్చిన వేగమా, ప్రవాహం ఇచ్చిందా?

తూరుపుగాలి:
గాలపగోస్ నుంచి పసిఫిక్‌లోని మార్కెసాస్ దీవుల్లో ఒకటైన హివా ఓవాకు దాదాపు 3,000 నాటికల్ మైళ్ళు. క్రూజింగ్ పడవలకు మామూలుగా మూడు వారాలు, అటూఇటూగా. నీటిగీత దగ్గర 36 అడుగులున్న పడవ 17 రోజుల్లో చేరిందంటే రోజుకు 176 మైళ్ళు, సగటు 7.35 నాట్లు (గంటకు నాటికల్ మైళ్ళు). దాని హల్ స్పీడేమో (పడవ పొడవును బట్టి నీటిలో దానికుండే వేగ పరిమితి) 36 వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే 8 నాట్లు. చీకటి పడగానే అలవాటుగా రీఫ్ వేసి ఒక నాటు వేగం వదులుకోవడం మానేస్తే ఇది సాధ్యమే. 12 గంటల రాత్రికి 12 మైళ్ళు, 17 రాత్రులకు 204.

చుక్కాని:
తూరుపుగాలి గారూ, మీ లెక్కలో దక్షిణ భూమధ్యరేఖా ప్రవాహం ఏది? అది పడమరకే తోస్తుంది. సగటున ఒక నాటు కలిసొస్తే 17 రోజులకు 408 మైళ్ళు, మీ రీఫ్ లెక్కకు సరిగ్గా రెట్టింపు. అది తీసేస్తే నీటిలో పడవ వేగం 6.35 నాట్లే. లా నినా ఏడాదిలో ఆగ్నేయ వ్యాపార పవనాలు, వాటితోపాటు ప్రవాహం బలపడతాయి. ఎల్ నినోలో రెండూ నీరసిస్తాయి. అదే పడవ, అవే తెరచాపలు, తేదీలు మాత్రం వేరు.

తూరుపుగాలి:
ఆ ఒక నాటు ఎలా తేల్చారు? జీపీఎస్ వేగంలోంచి లాగ్ (పడవ అడుగున నీటిలో తిరిగే చక్రంతో వేగం కొలిచే సాధనం) వేగం తీసేసేగా? లాగ్ చక్రానికి నాచు పడితే తక్కువ చూపిస్తుంది. ఆ తేడా అంతా ప్రవాహం ఖాతాలో పడుతుంది.

చుక్కాని:
ఒప్పుకుంటాను. అందుకే బయలుదేరే ముందు చక్రం శుభ్రం చేసి, గాలి లేనప్పుడు ఇంజిన్‌ను ఒకే ఆర్‌పీఎమ్‌లో ఉంచి ఎదురెదురు దిశల్లో నడపాలి. రెండు జీపీఎస్ వేగాల సగటుకు లాగ్‌ను సరిచేయాలి. అది చేయని పడవ చెప్పే ప్రవాహం అంకెను నేనూ నమ్మను.

పోటుపాటు:
అసలు రీఫ్‌కు ఒక నాటు వేగం పోతుందన్న మాటే తప్పు. హల్ స్పీడ్ దగ్గరపడ్డాక అదనపు తెరచాప వేగమివ్వదు, పడవ ముక్కును గాలి వైపు తిప్పుతుంది. ఆటోపైలట్ చుక్కానిని అడ్డంగా పట్టుకుని దాన్ని ఆపుతూ ఉంటుంది. అటు నీటి ఒరిపిడి, ఇటు బ్యాటరీ ఖర్చు. మెయిన్‌కు (పెద్ద తెరచాపకు) ఒక రీఫ్ వేసి, జెనోవాను (ముందు తెరచాపను) పోల్‌తో బయటికి నిలబెడితే పడవ తిన్నగా పోతుంది. నా అంచనాలో పోయేది అర నాటు లోపే.

రాత్రి ప్రమాదం ఇంకోటి. వెనక నుంచి 20 నాట్ల గాలి, పడవ 7 నాట్లు అనుకోండి. డెక్ మీద తెలిసేది 13 నాట్లే, హాయిగా ఉంటుంది. మెయిన్‌కు రీఫ్ వేద్దామని గాలికి ఎదురు తిరిగితే, పడవ వేగం తగ్గినా అది 24 దాకా వెళుతుంది. గాలి ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి మూడు రెట్లు పైమాటే. ఆ పని అర్ధరాత్రి స్క్వాల్‌లో (హఠాత్తుగా విరుచుకుపడే గాలివానలో) కాదు, వెలుతురుండగానే చేసుకోవాలి.

ప్రివెంటర్‌ను (బూమ్ ఒక్కసారిగా అటువైపుకు కొట్టుకోకుండా పట్టే తాడును) బూమ్ (మెయిన్ అడుగున ఉండే అడ్డదూలం) మధ్యలో కట్టకండి. కొస నీళ్ళలో మునిగితే బూమ్ అక్కడే విరుగుతుంది. కొస నుంచి ముందుభాగంలోని బ్లాక్ మీదుగా కాక్‌పిట్‌కు తెచ్చుకోవాలి. హాల్యార్డ్‌ను (తెరచాపను పైకి లాగే తాడును) రోజుకో రెండు మూడు సెంటీమీటర్లు జరపకపోతే మాస్ట్ (తెరచాప స్తంభం) పైనున్న షీవ్ (కప్పీ చక్రం) దగ్గర ఒకేచోట ఒరిసి తెగుతుంది. తెగిందా, మిగిల్చిన గంటలన్నీ అక్కడే పోతాయి.

తూరుపుగాలి:
అర నాటే అనుకుందాం, 17 రాత్రులకు 102 మైళ్ళు. రోజు కాకపోయినా పూట కన్నా ఎక్కువే మిగులుతుంది కదా.

లంగరు:
ఆ పూట మిగిలి అర్ధరాత్రి చేరితే ఉపయోగం లేదు. హివా ఓవాలో అటువోనా ఊరి దగ్గరి తహౌకు అఖాతం చిన్నది. అలల ఊపు లోపలికి వస్తుంది, పడవలు ముందూ వెనకా లంగర్లు వేసి ఇరుకుగా ఉంటాయి. రాత్రి లోపలికి వెళ్ళకూడదు. 300 మైళ్ళు మిగిలినప్పుడే చేరే సమయం లెక్కేసి, అవసరమైతే జెనోవా చుట్టేసి వేగం తగ్గించండి. గడియారం కూడా చూసుకోండి: గాలపగోస్ యూటీసీకి 6 గంటలు వెనక, మార్కెసాస్ తొమ్మిదిన్నర గంటలు వెనక. పడవలో పాత సమయమే ఉంచితే హివా ఓవాలో తెల్లవారేసరికి అది తొమ్మిదిన్నర చూపిస్తుంది.