పాటలు ఇరవై నోటికొచ్చు, అక్షరం ఒక్కటీ గుర్తుపట్టదు. మీ ఇళ్లల్లో ఎలా జరిగింది?

బుజ్జమ్మ వాళ్లమ్మ:
మా పాపకి నాలుగున్నరేళ్లు. పాటలు, పద్యాలు కలిపి ఇరవై దాకా గడగడా చెప్పేస్తుంది. పుస్తకం ఒళ్లో పెట్టుకుని, వేలు ఆనించి, రాగం తీస్తూ "చదువుతుంది" కూడా. నిన్న దగ్గరికెళ్లి చూస్తే పుస్తకం తలకిందులుగా ఉంది! నవ్వొచ్చింది, కాసేపటికి టెన్షన్ కూడా వచ్చింది. అడగాల్సినవి మూడు. పాట నోటికొచ్చాక అచ్చులో చూపించాలా, అక్షరాలు వచ్చేదాకా ఆగాలా? ఫోన్లో వీడియోలు చాలా? తెలుగు పాటలు, ఇంగ్లీషు రైములు ఒకేసారి పెడితే తికమక పడుతుందా?

గళ్ల నోటుబుక్:
తలకిందుల పుస్తకానికి భయపడకండి, మావాడు ఆర్నెల్లు అలాగే చదివాడు. నేను చేసింది ఒకటే. వాడికి బాగా వచ్చిన పాటలో నాలుగు లైన్లు అరచేయంత అక్షరాలతో చార్టు మీద రాసి తలుపు వెనక అంటించాను. పాడుతూ వేలు జరపడం. మొదట్లో వేలు ఎక్స్‌ప్రెస్సు, పాట ప్యాసింజరు. పాట సగంలో ఉండగానే వేలు చార్టు చివరికి చేరేది. అప్పుడు వాడే ఆగి "ఎక్కడో తప్పిపోయాం" అని మళ్లీ మొదలుపెట్టేవాడు.
తర్వాత చప్పట్లు. ఒక చప్పట్టుకి ఒక అక్షరం. తెలుగులో ఇది భలే కుదురుతుంది, కా-కి రెండు, చి-ల-క మూడు. ఒకరోజు "పంది"కి రెండు కొట్టి, చార్టు వంక చూసి, "మధ్యలో సున్నాకి చప్పట్టు కొట్టలేదేం?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. కానీ వాడు అక్షరాలను లెక్కపెడుతున్నాడని ఆ రోజే తెలిసింది.

పాతకాలం మాస్టారు:
ఇరవై ఆరేళ్లు ఒకటో తరగతికి చెప్పాను, కాబట్టి కాస్త వినండి. చప్పట్లతో చదువు రాదు. అ ఆ లు దిద్దించండి, గుణింతం వల్లె వేయించండి, చదువు దానంతట అదే వస్తుంది. పాట పాటే, పాఠం పాఠమే. ఇంకో మాట. ఇంగ్లీషు రైముకి మాటల చివర కలుస్తుంది. మన పద్యానికి రెండో అక్షరం కలుస్తుంది, ప్రతి పద్యంలోనూ. రెండింటినీ ఒకే గాటన కట్టి "రైమ్స్, రైమ్స్" అనకండి.

ఇద్దరి తల్లి:
మా చిన్నోడికి నాలుగేళ్లు. రాగం పట్టుకుంటాడు గానీ మాటలు మింగేస్తాడు. "పాలు", "బాలు" రెండూ వాడికి ఒకటే. పాటలు ఎక్కువగా పాడిస్తే సర్దుకుంటుందా? ఎవరికైనా ఇలా ఉందా?

కందం ప్రియుడు:
మాస్టారూ, "ప్రతి పద్యంలోనూ" అనకండి. కందానికి, వృత్తాలకు ప్రాస ఉండాలి. ఆటవెలదికి, తేటగీతికి ఆ నియమమే లేదు. చిన్నపిల్లలకి మనం మొదట చెప్పే నీతిపద్యాల్లో ఎన్ని ఆటవెలదులో లెక్కపెట్టుకోండి.

పాతకాలం మాస్టారు:
నాకు ఛందస్సు నేర్పుతున్నారా? నేను ప్రాసయతి కూడా కలిపి అన్నాను.

కందం ప్రియుడు:
యతి అంటే పాదం మొదటి అక్షరంతో మధ్యలో ఒక అక్షరం కలవడం, ప్రాసయతి దానికి బదులుగా వేసేది. వేస్తే వేయొచ్చు, లేకపోతే లేదు. "ప్రతి పద్యంలోనూ" అన్న మాట ఇంకా పైనే ఉంది, నేను దిద్దలేదు.

రాత్రి డ్యూటీ నాన్న:
నేను ఈ సబ్జెక్టులోనే పీజీ చేశాను, గాల్లో మాటలు వద్దు. 1983లో బ్రాడ్లీ, బ్రయంట్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంగ్లండులో ఇంకా చదవడం రాని నాలుగైదేళ్ల పిల్లలను దాదాపు 400 మందిని తీసుకున్నారు. ఏ మాట ధ్వనిలో కలుస్తుంది, ఏది కలవదు అని అడిగి, ఆ తర్వాత కొన్నేళ్లు వాళ్ల చదువును గమనించారు. చిన్నప్పుడు ధ్వనులు బాగా పట్టినవాళ్లే తర్వాత చదవడంలోనూ ముందున్నారు. వాళ్లలోనే 65 మందిని జట్లు చేసి, రెండేళ్లలో 40 సార్లు కూర్చోబెట్టి నేర్పారు. ఒక జట్టుకి బొమ్మలతో శబ్దాల ఆట ఒక్కటే. ఇంకో జట్టుకి అదే ఆట, దాంతోపాటు ప్లాస్టిక్ అక్షరాలు. అక్షరాలు చేత్తో ముట్టుకున్న జట్టే అందరికంటే బాగా ముందుకెళ్లింది. మాస్టారి మాటా సగం నిజమే, నోటుబుక్ గారి మాటా సగం నిజమే.
1989లో వచ్చిన ఇంకో పరిశోధనలో 64 మంది పిల్లలు. మూడేళ్లప్పుడు రైములు బాగా వచ్చినవాళ్లు ఆరేళ్లకి చదవడంలో మెరుగ్గా ఉన్నారు. కుటుంబ నేపథ్యం, ఐక్యూ లెక్కలోకి తీసుకున్నాక కూడా.

ఆరో ప్రాణం:
అవన్నీ ఇంగ్లీషు పిల్లల మీద కదా బాసూ. వాళ్లకి 26 అక్షరాలు. మనకి?

రాత్రి డ్యూటీ నాన్న:
మంచి ప్రశ్న. సోనాలీ నాగ్ కన్నడ పిల్లల మీద చేసిన పరిశోధన 2007లో వచ్చింది. గుణింతాలు, ఒత్తులతో కలిపి అక్షరాలన్నీ పట్టుబడడానికి అక్కడ మూడు, నాలుగు తరగతుల దాకా పట్టింది. మన లిపి కూడా అదే తీరు. 35 పైచిలుకు హల్లులు, ఒక్కోదానికి పదికి పైగా గుణింతం రూపాలు, లెక్కేస్తే 400 దాటతాయి. నాలుగున్నరేళ్లకి ఒక్కటీ రాలేదని కంగారు పడకండి.

వీడియో అమ్మ:
మావాడు అన్నీ ఫోన్లోనే నేర్చుకున్నాడు. వంద రైములు వచ్చు. ఇప్పుడు క్లాసులో వాడే ఫస్ట్. ఫోన్ అనగానే పాపం చేసినట్టు చూస్తారెందుకో.

గళ్ల నోటుబుక్:
ఫస్ట్ ఎందులో అండీ? అక్షరాలు గుర్తుపట్టడంలోనా, డాన్సులోనా?

వీడియో అమ్మ:
మీకు ఎగతాళిగా ఉంది. నేను పొద్దున్నించి రాత్రి దాకా ఒక్కదాన్నే చూసుకోవాలి. చార్టులు అంటించే తీరిక అందరికీ ఉండదు.

గళ్ల నోటుబుక్:
అది తప్పే, సారీ. ఎగతాళి చేసి ఉండకూడదు.

రాత్రి డ్యూటీ నాన్న:
ఫోన్ విషయం ఒక్క ముక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది రెండేళ్ల నుంచి నాలుగేళ్ల దాకా రోజుకి గంటకు మించొద్దు, తగ్గితే ఇంకా మంచిది అని. వీడియోలో లేనిది ఏంటంటే అది ఆగదు. మనం పాడుతూ చివరి మాట దగ్గర ఆగిపోతే పిల్ల అందుకుంటుంది. వీడియో పిల్ల కోసం ఆగదు, అంతే తేడా.

కందం ప్రియుడు:
అందరూ అసలు సంగతి వదిలేశారు. ఇంగ్లీషుకి మాట చివర, మనకి రెండో అక్షరం కలుస్తుందని మాస్టారు సరిగ్గానే అన్నారు, దాని విలువ ఆయనే చూసుకోలేదు. ఇంగ్లీషులో క్యాట్, హ్యాట్, మ్యాట్ అంటే వినిపించే చివరి ముక్క, రాసే చివరి ముక్క ఒకటే. ఒకటి చదివితే మిగతావి ఊహించొచ్చు. వాళ్ల రాతలో అంత అడ్డదిడ్డం ఉంది కాబట్టే వాళ్లకి ఆ సాయం కావాలి. మనం దాదాపు రాసినట్టే పలుకుతాం. మన పిల్లలు తట్టుకుని పడేది గుణింతం దగ్గర, ఒత్తు దగ్గర.
ఇప్పుడు ప్రాస నియమం చూడండి. రెండో అక్షరంలో హల్లు మారకూడదు, అచ్చు మారొచ్చు. అంటే ఏమిటి? అదే హల్లు, గుడితో ఒకసారి, ఎత్వంతో ఒకసారి వస్తుంది. గుణింతం పాఠం పాటలో దాక్కుని ఉంది! మా అమ్మాయికి నేను కట్టింది:

పిల్లి వచ్చింది
మల్లె చెట్టెక్కింది
తెల్ల పూలన్నీ
చల్లి పోయింది

ల్లి, ల్లె, ల్ల, ల్లి. రెండో అక్షరాలకు ఎర్ర స్కెచ్ పెన్ను పెట్టాను, అంతే.

ఆరో ప్రాణం:
మల్లె చెట్టేంటి? మల్లె తీగ కదా. పిల్లి ఎక్కితే తీగ ఆగుతుందా?

కందం ప్రియుడు:
పొద మల్లె కూడా ఉంటుంది.

ఆరో ప్రాణం:
పొద ఎక్కడమేంటి మరి, పొదలో దూరాలి గానీ.

బుజ్జమ్మ వాళ్లమ్మ:
పిల్లి ఎలాగైనా ఎక్కనివ్వండి! ఇంగ్లీషు, తెలుగు కలపొచ్చా అని అడిగాను, అది ఎవరూ చెప్పలేదు.

పాతకాలం మాస్టారు:
"పిల్లి వచ్చింది" ఏ ఛందస్సు? నాలుగు లైన్లకి రెండో అక్షరం కలిపితే పద్యమైపోదు. ప్రాసకి ముందున్న అక్షరం గురువైతే, అంటే పలకడానికి ఎక్కువ సేపు పట్టేదైతే, అన్ని పాదాల్లోనూ గురువే ఉండాలి, అది చూశారా?

కందం ప్రియుడు:
పి, మ, తె, చ. తర్వాత ద్విత్వం ఉంది కాబట్టి నాలుగూ గురువులే. చూసుకునే రాశాను. నేను పద్యం అనలేదు, పాట అన్నాను.

గళ్ల నోటుబుక్:
నాలుగేళ్ల పిల్లకి గురువులూ లఘువులూ దేనికండీ, మీ ఇద్దరికీ దండం పెడతాను.

పాతకాలం మాస్టారు:
పిల్లకి కాదమ్మా, పాట కట్టేవాళ్లకి కావాలి. సరే, అసలు లోపం చెప్తా. మొదటి పాఠానికి "ల" ఎవడు పెట్టమన్నాడు? ల, బ, జ, ట లాంటివాటికి తలకట్టు కనిపించదు. తలకట్టు తీసి గుడి పెట్టాం, గుడి తీసి ఎత్వం పెట్టాం అని పిల్లకి చూపించాలంటే తలకట్టు కంటికి కనిపించే అక్షరం కావాలి. క, త, మ. ఇదిగో, నేనూ కడతాను:

బొమ్మ నాదంది
కొమ్మ నీదంది
నమ్మి నే పోతే
రమ్మనే లేదు

కందం ప్రియుడు:
మాస్టారూ, ఇది నాదానికంటే బాగుంది. తలకట్టు సంగతి నాకు తట్టలేదు.

పాతకాలం మాస్టారు:
ఇరవై ఆరేళ్లు ఊరికే చెప్పలేదు.

గళ్ల నోటుబుక్:
పాట పాటే, పాఠం పాఠమే అన్న మాస్టారు ఎక్కడికెళ్లారో ఎవరైనా చూశారా?

మకుటం:
ఆలస్యంగా వచ్చాను. మా అమ్మాయి జీవితంలో మొట్టమొదట చదివింది ఒక శతకం మకుటం. ప్రతి పద్యం చివర అదే లైను. పేజీ తిప్పగానే వేలు నేరుగా అక్కడికే వెళ్లేది. నిజంగా చదువుతోందా, చోటు గుర్తుపెట్టుకుందా అని నాకు అనుమానం. ఆ లైనులోని మాటలు కాగితం ముక్కల మీద విడివిడిగా రాసి, రెండు ముక్కలు తారుమారు చేసి ముందు పెట్టాను. కాసేపు చూసి, మొహం చిట్లించి, "నాన్నా, ఇది తప్పు రాశావ్" అని తనే సరిచేసింది. ఆ రోజు నుంచి ప్రతి పాటనీ ముక్కలు చేయమని నా ప్రాణం తీసేది. పరుపు కింద, చెప్పుల స్టాండులో, ఎక్కడ పడితే అక్కడ పాటల ముక్కలే.
బుజ్జమ్మ వాళ్లమ్మ గారూ, రెండు భాషలు కలిపితే మాకేం తికమక రాలేదు. ఒక్కచోటే తట్టుకుంది. "బస్" అంటే ఒక చప్పట్టు, తెలుగులో రాస్తే రెండు గుర్తులు. "బస్సు" అనండి, రెండుకి రెండు సరిపోతాయి. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, ఇంగ్లీషు మాటలు హల్లు దగ్గర టక్కున ఆగుతాయి. అందుకే చప్పట్ల ఆట తెలుగు పాటలకే పెట్టుకున్నాం, ఇంగ్లీషుకి మొదటి శబ్దం పట్టుకునే ఆట.

ఆరో ప్రాణం:
మావాడు "అక్క" రాయమంటే "అక" రాస్తాడు. ఎన్నిసార్లు చెప్పినా ఒత్తు మింగేస్తాడు. పాటలో ఒత్తి పలికిస్తే వస్తుందా?

కందం ప్రియుడు:
నోరు అక్-క అని విడగొడుతుంది, రాత అ-క్క అని విడగొడుతుంది. తప్పు వాడిది కాదు. నా పిల్లి పాట పాడించండి, ల్ల దగ్గర ఆగి నొక్కమనండి.

ఆరో ప్రాణం:
మల్లె తీగ అని మార్చి పాడిస్తా.

ఇద్దరి తల్లి:
మూడు రోజులైంది అడిగి. అందరూ ప్రాస గురించే మాట్లాడుతున్నారు. మావాడు పాలు, బాలు తేడా వినలేకపోతున్నాడు. జలుబు చేసిన వారం ఇంకా ఎక్కువగా ఉంటోంది.

పాతకాలం మాస్టారు:
క్షమించమ్మా, చూసి కూడా దాటేశాను. నా తరగతిలో ఒక పిల్లవాడు ఎప్పుడూ తల ఒక పక్కకి వంచి వినేవాడు. రెండు నెలలు మొద్దు అనుకున్నాను, ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. వాడికి చెవి లోపల నీరు చేరింది. చిన్నపిల్లల్లో జలుబు తర్వాత ఇది మామూలేనని డాక్టరు చెప్పాడు. వినపడేది మూసుకుపోయినట్టు ఉంటే ప, బ తేడా ఎలా తెలుస్తుంది? పాటలు తర్వాత, ముందు ఈఎన్‌టీ డాక్టరుకి చూపించు. వినికిడి పరీక్ష చేయమని నోరు తెరిచి అడుగు, అడగకపోతే జలుబు మందు రాసి పంపేస్తారు.

ఇద్దరి తల్లి:
థాంక్స్ మాస్టారూ. సోమవారం వెళ్తున్నాం.

బుజ్జమ్మ వాళ్లమ్మ:
రెండు పాటలూ చార్టు మీద రాశాను. బొమ్మ పాట దానికి పట్టలేదు, మాస్టారు ఏమీ అనుకోకండి. పిల్లే కావాలంది. ఇవాళ వేలు జరుపుతూ "మల్లె" దగ్గర ఆగింది. వెనక్కి "పిల్లి" దాకా వెళ్లి, మళ్లీ మల్లెకి వచ్చి, "అమ్మా, కింద తోక ఇక్కడా ఉంది, మరి పైన టోపీ ఎందుకు మారింది?" అంది. పుస్తకం మాత్రం ఇంకా తలకిందులే. ఇప్పుడు గుడి, ఎత్వం అని పేర్లు చెప్పొచ్చా?

పాతకాలం మాస్టారు:
అడిగింది కదమ్మా, చెప్పేయ్.

కందం ప్రియుడు:
అప్పుడే వద్దండీ. ఇంకో వారం టోపీలనే అననివ్వండి.